పొగచుట్ట: వృత్తిభేదము, స్త్రీపురుషభేదము

తెలుగునాట అనంతగిరి యను పేరు రెండు చోట్ల వినఁబడును. ఒకటి వికారాబాదు చెంత మూసీనది పుట్టిన కొండ. క్షయరోగుల చికిత్సకై నిజాముల కాలమున ఆరోగ్యనిలయము వెలసిన తావు. రెండవది తూర్పుకనుమలలో అరకులోయకుఁ బోవు త్రోవలోనిది. ఈ రెండు గిరుల పరిసరదేశములను బోల్చి చూచినచో, పొగత్రాగుట పురుషులకే చెల్లినదను వాడుకమాట యెంతవఱకు నిజమో తేలఁగలదు.

పొగాకు పరదేశపు పైరు. పోర్చుగీసువారి మూలమున దక్కనుకు వచ్చినది. తాండూరునకుఁ బడమటనున్న బిజాపురము నుండియే 1604 ప్రాంతమున అసద్ బేగు దానిని అక్బరు కొలువునకుఁ గొనిపోయెను. ప్రభువులకు హుక్కాయు, పండితులకు నస్యమును, కర్షకులకుఁ జుట్టయు నలవడినవి. గిరీశము చుట్టను ఎఱిగిన పాఠకులు చాలమంది కలరు. ఆ సీమలోనే చేపలగంప నెత్తిన మోయు స్త్రీ చుట్టను ఎఱిగినవారు కొలఁదిమంది.

ఆమె త్రాగునది అడ్డపొగ. నిప్పున్న కొనను నోటిలోపల నుంచి పీల్చుట దీని పద్ధతి. పెద్దలయెదుట దాఁచుకొనుటకై యిది పుట్టెనని కొందఱందురు. పొగ నోటినుండి వెలువడుచుండఁగా దాఁచుట యెట్లో వారే చెప్పవలెను! సముద్రపుగాలి, చాకిరేవు నీరు, తీఱిక లేని చేతులు, ఇవియే కారణములని నాకుఁ దోఁచును. లోపలి నిప్పు తడియదు, గాలికి ఆఱదు. చుట్టయు చాలసేపు నిలుచును. కాని అంగిలి కాలును. 1945లో ఖానోల్కరు, సూర్యాబాయి గారలు ఆచారమూలకములైన పుట్టకురుపులలో దీనిని బేర్కొనిరి. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామీణులను బరీక్షించి 1971లో ప్రకటించిన వ్యాసమున, నూటికి నలువదిమందికిఁ బైగా అడ్డపొగ త్రాగువారని తేలెను. అందు స్త్రీలే హెచ్చు.

ఇఁకఁ దెలంగాణమునకు వత్తము. ఇచటఁ జుట్ట త్రాగు ముసలమ్మలు లేకపోలేదు. కాని వృత్తి వేఱు త్రోవను ద్రొక్కినది. అడవులలోఁ దునికియాకు కోయువారిలోను, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములలో నిండ్లఁ గూర్చుండి బీడీలు చుట్టువారిలోను స్త్రీలే మిక్కిలి. త్రాగువారు మాత్రము పురుషులు. ఈ పనివారికై 1966లో శాసనము వచ్చినది. కూలి వేయి బీడీల లెక్కన ముట్టును. ఒక్క బీడీయైన వెలిగింపని ఆ స్త్రీ చేతులకుఁ బొగాకు కాఱు అంటును, ధూళి యూపిరితోఁ బాటు లోనికిఁ బోవును. ఒడిలోని బిడ్డయు నా గాలినే పీల్చును.