'టోప్': ఒక ఆంగ్లపదము, మూడు పుట్టుకలు

పందొమ్మిదవ శతాబ్దపు పురావస్తు నివేదికలను ఢిల్లీలో కూర్చుని చదివే తెలుగు పరిశోధకుని 'టోప్' అనే ఆంగ్లపదం తికమక పెట్టక మానదు. ఈ నగరపు వాడుకలో తోప్ అనగా ఫిరంగి. మన వాడుకలో తోపు అనగా మామిడితోపు, తాటితోపు. నివేదికలోని టోప్ మాత్రం స్తూపం. 1886లో వెలువడిన యూల్, బర్నెల్‌ల 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు ఈ మూడర్థాలకూ మూలాలు వేర్వేరని స్పష్టంగా విడదీసింది. (అతిగా మద్యం సేవించుట అనే అర్థంలో మరొక ఆంగ్లక్రియ కూడ ఇదే రూపంలో ఉన్నది. పంచశీలం పాటించేవారికి దానితో పని లేదు.)

ఫిరంగి అర్థం తురుష్క భాషనుండి వచ్చి మొగలుల 'తోప్‌ఖానా'తో స్థిరపడినది. వనం అనే అర్థం దక్షిణాది భాషలది. 1799 ఏప్రిల్ 5 రాత్రి శ్రీరంగపట్టణం ముట్టడిలో వెల్లెస్లీ చీకటిలో దారితప్పి భంగపడిన 'సుల్తాన్‌పేట టోప్' ఒక చెట్లతోపే గాని బౌద్ధస్థలం కాదు.

స్తూపార్థం పాలిభాషలోని 'థూప' శబ్దానికి సంతతి. వాయవ్య ప్రాంతాల జనవాక్కులో మిగిలిన ఈ మాటను, పంజాబు, ఆఫ్ఘన్ సీమలలోని శిథిలాలను వర్ణించిన ఆంగ్లేయులు గ్రహించారు. 1854లో కన్నింగ్‌హామ్ సాంచి పరిసరాల స్తూపాలపై రచించిన గ్రంథానికి 'ది భిల్సా టోప్స్' అని పేరు పెట్టాడు. అక్కడినుండి ఆ పదం కృష్ణాతీరం చేరింది. 1877లో అమరావతిలో త్రవ్వకాలు జరిపిన రాబర్ట్ సీవెల్ 1880నాటి తన నివేదిక శీర్షికలో 'అమరావతి టోప్' అనే వ్రాశాడు. ఉత్తరాది ప్రాకృతపు మాట, తోపు అంటే చెట్లని తెలిసిన దేశానికి ఆంగ్లం ద్వారా దిగుమతి అయినదన్నమాట.

ఆ స్థలానికి ఊరివారి పేరు దీపాలదిన్నె. దిన్నె అనగా మెరక. మెకంజీ తొలిసారి చూసేనాటికే అక్కడి ఇటుకలు, రాళ్లు కట్టడాలకు తరలిపోతున్నవి. 1816లో ఆయన మరల వచ్చేసరికి నడిభాగం చెరువుగా త్రవ్వబడి ఉన్నది. దిన్నె అన్నా, టోప్ అన్నా కంటికి కనిపించే మట్టికుప్పకు పెట్టిన పేర్లే. దాతలు శాసనాలలో చెక్కించిన పేరు 'మహాచేతియ'. అది ఆకారాన్ని చెప్పే మాట కాదు, పూజనీయతను చెప్పే మాట. కట్టడం తన పేరును తన రాళ్లపైనే మోస్తుండగా, దానిపై నివేదికలు వేరొక పేరుతో అచ్చయినవి.

1887లో బర్జెస్ తన గ్రంథానికి అమరావతి, జగ్గయ్యపేటల బౌద్ధ 'స్తూపాలు' అని పేరు పెట్టాడు. ఏడేండ్లలో శీర్షిక ప్రాకృతరూపం విడిచి సంస్కృతానికి మారినది. పండితులు దీనిని సవరణగా భావించారు. నా దృష్టిలో అది సగం సవరణే, ఏలయనగా చేతియ శబ్దం అప్పుడూ శీర్షికకు ఎక్కలేదు.

మద్రాసు రాజధాని రెవెన్యూ పత్రాలను చూచేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. అందులోని 'టోప్' సాధారణంగా చెట్లతోపే. 'తోపు పోరంబోకు' అనే భూవర్గం ఆంధ్ర గ్రామ లెక్కలలో నేటికీ నిలిచి ఉన్నది. ఆ మాట కనిపించిన చోటల్లా స్తూపాన్ని వెదకబోతే మామిడిచెట్లే ఎదురవుతాయి.