కోళ్ళ గూడూ, పెరటి గుమ్మమూ

మా హాల్లో గోడకి అమ్మమ్మ ఫొటో ఒకటి వేలాడుతూ వుంటుంది. వచ్చినవాళ్ళంతా "ఎంత కళగా వున్నారండీ మీ అమ్మమ్మగారు!" అంటారు. నేను నవ్వి వూరుకుంటాను. ఎందుకంటే ఆ ఫొటోలో కళ్ళు మా అమ్మమ్మవి కావు.

అమ్మమ్మ పోయిన మూడోనాడు ఫొటో కావలసి వచ్చింది. ఇల్లంతా వెతికితే దొరికింది ఒక్కటే, మావయ్య పెళ్ళిలో తీసిన గ్రూపు ఫొటో. అందులో అమ్మమ్మ చివరి వరసలో, పిన్ని భుజం వెనక సగం దాగి, సరిగ్గా రెప్ప వాల్చిన క్షణంలో వుంది. స్టూడియో అతను చిక్కుడు గింజంత వున్న ఆ మొహాన్ని పెద్దది చేశాడు. పిన్ని భుజం మీద రంగు పూసి, ఆవిడ జన్మలో కప్పుకోని శాలువా ఒకటి కప్పాడు. మూసుకున్న రెప్పల మీద కుంచెతో రెండు కళ్ళు తెరిపించాడు. అతన్ని అనడానికి లేదు. వున్నదాంతో చేశాడు. డెబ్భయ్యేళ్ళు బతికిన మనిషికి తనదంటూ ఒక్క ఫొటో లేకపోవడం అతని తప్పా? ఇంట్లో ఎవరు కెమెరా బయటికి తీసినా ఆవిడ వంటింట్లో వుండేది. "ముందు మీరు కానివ్వండి" అనేది. ఆ ముందు ఎప్పటికీ పూర్తి కాలేదు.

ఈమధ్య నాకు మనుషుల ఫొటోలు తియ్యడం నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. మావాడు కొత్తది కొనుక్కుని పక్కన పడేసిన డిజిటల్ కెమెరా ఒకటుంది. "నలభై దాటాక ఇదేం సరదా?" అన్నారు మావారు. నాకూ ఆ అనుమానం లేకపోలేదు. నాలుగు పుస్తకాలు తిరగేస్తే, నాకంటే ఆలస్యంగా 48వ ఏట కెమెరా పట్టుకున్న ఒకావిడ తటస్థపడింది. పేరు జూలియా మార్గరెట్ కామెరాన్. ఇంటిపేరులోనే కెమెరా వినిపిస్తోంది కదూ!

ఆవిడ గురించి చెప్పేముందు ఆ రోజుల్లో ఫొటో అంటే ఏమిటో చెప్పాలి. 1839లో ఫ్రాన్సులో డగేర్ కనిపెట్టిన పద్ధతి లోకానికి తెలిసింది. అద్దంలా మెరిసే వెండిపూత రేకు మీద బొమ్మ పడటం అందరికీ అద్భుతంగానే తోచింది గానీ, మొహం తీయించుకోవాలంటే శిక్షే. నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి. తల కదలకుండా మెడ వెనక ఇనప కొక్కెం పెట్టేవాళ్ళు. పాత ఫొటోల్లో పెద్దలందరూ అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డట్టు బిగుసుకుపోయి వుంటారే, అది వాళ్ళ స్వభావం అనుకోకండి. అందులో చాలా భాగం ఆ కొక్కెం చలవ.

జూలియా 1815లో మన కలకత్తాలోనే పుట్టింది. తండ్రి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. పెళ్ళీ కలకత్తాలోనే. 1848లో కుటుంబం ఇంగ్లండు చేరింది. తరవాత వైట్ ద్వీపంలో ఫ్రెష్‌వాటర్ అనే వూళ్ళో స్థిరపడ్డారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. భర్త కాఫీ తోటలు చూసుకోవడానికి సిలోన్ వెళ్ళాడు. ఇల్లు బోసిపోయింది. 1863 డిసెంబరులో కూతురూ అల్లుడూ కలిసి ఒక కెమెరా కొని ఇచ్చారు, ఒంటరిగా వున్న అమ్మకి కాస్త కాలక్షేపం అవుతుందని. పిల్లలు అమ్మలకి కొనిపెట్టే కాలక్షేపాలు మనకి తెలియనివా!

ఆవిడ మాత్రం దాన్ని కాలక్షేపంగా తీసుకోలేదు. బొగ్గుల కొట్టు ఖాళీ చేయించి చీకటి గది చేసుకుంది. కోళ్ళ కోసం కట్టిన అద్దాల గూటిని స్టూడియోగా మార్చేసింది. కోళ్ళని తినెయ్యలేదనీ, వదిలిపెట్టారనే తన నమ్మకమనీ తరవాత తన జ్ఞాపకాల్లో సరదాగా రాసుకుంది. గొప్ప గొప్ప కవులూ, శాస్త్రజ్ఞులూ వచ్చి కూర్చున్నది ఆ కోళ్ళ గూట్లోనే.

పని ఎంత కష్టమో వినండి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం సమంగా పొయ్యాలి. చీకట్లో దాన్ని వెండి ఉప్పు ద్రావణంలో ముంచాలి. తడి ఆరకుండానే కెమెరాలో పెట్టి ఫొటో తియ్యాలి. తడి ఆరకుండానే మళ్ళీ చీకట్లోకి పరిగెత్తి కడగాలి. ఆరిందా, అంతా బూడిదలో పోసిన పన్నీరే. ఆ మందు తగిలిన చేతులు అరటికాయ తరిగిన చేతుల్లా నల్లబడతాయి, కడిగితే పోవు. ఆవిడ ఆ చేతులతోనే అతిథులకి ఎదురొచ్చేదట. ఇక ఫొటో అచ్చువేసే కాగితానికి పూసేది కోడిగుడ్డు తెల్లసొన! కోళ్ళు వెళ్ళిపోయినా గుడ్లు మాత్రం ఆవిణ్ణి వదల్లేదన్నమాట.

నేర్పేవాళ్ళు పక్కన లేరు. ఎన్నో పలకలు పాడయ్యాయి. చివరికి 1864 జనవరి నెలాఖరులో ఆనీ అనే చిన్నపిల్ల ఫొటో కుదిరింది. దాని మీద 'నా మొదటి విజయం' అన్న అర్థం వచ్చేలా రాసుకుంది. ఆ పూట సంతోషం పట్టలేక, ఆ పిల్లకి ఇవ్వడానికి బహుమతుల కోసం ఇల్లంతా వెతుకుతూ పరిగెత్తిందట. అసలు ఆ ఫొటో మొత్తం ఆ పిల్లే తీసినట్టు అనిపించిందట ఆవిడకి. ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఫొటో తీసినవాళ్ళ గొప్పతనం గురించి అందరూ చెబుతారు. కూర్చున్నవాళ్ళు తమ మొహాన్ని మనకి ఇస్తేనే అది ఫొటో అవుతుందని ఆవిడకి మొదటి రోజే తెలిసిపోయింది.

ఆవిడ ఫొటోలు మసకగా వుంటాయనీ, వేలిముద్రలు పడ్డాయనీ అప్పటి ఫొటోగ్రఫీ సంఘాల పెద్దలు వెక్కిరించారు. ఆవిడ లెక్కచెయ్యలేదు. దగ్గరగా వెళ్ళింది. ఒక పక్క నుంచి వచ్చే వెలుగులో, ఇంకో పక్క నీడలో, మొహం తప్ప ఇంకేమీ లేకుండా తీసింది. పొరుగున వుండే కవి టెన్నిసన్‌ని తీసింది, ఖగోళ శాస్త్రజ్ఞుడు హెర్షెల్‌ని తీసింది, డార్విన్‌ని తీసింది. ఇంట్లో పనిచేసే మేరీ హిల్లియర్ అనే అమ్మాయిని మేరీమాతగా కూర్చోబెట్టి తీసింది. తన అక్కచెల్లెళ్ళలో ఒకరి కూతురు జూలియా జాక్సన్‌ని ఎన్నోసార్లు తీసింది.

ఆ జూలియా జాక్సన్ కూతురే నవలా రచయిత్రి వర్జీనియా వూల్ఫ్. 1895లో తల్లి చనిపోయేనాటికి వర్జీనియాకి పదమూడేళ్ళు. ఆ పిల్ల పెద్దదై, 1926లో కామెరాన్ తీసిన ఫొటోలు పుస్తకంగా వచ్చినప్పుడు దానికి ముందుమాట రాసింది. అమ్మ కళ్ళు ఎలా వుండేవో చెప్పడానికి ఆవిడకి ఏ స్టూడియో అతని కుంచే అవసరం కాలేదు. ఈ సంగతి చదివిన రోజున మా హాల్లో ఫొటో వైపు చూడలేకపోయాను.

"ఆవిడకేమమ్మా, కలిగినావిడ, గాజు పలకలూ వెండి మందులూ కొనుక్కుంది, మనవల్ల అవుతుందా?" అని మీరనచ్చు. న్యాయమే. అప్పటి ఫొటోగ్రఫీ చవక వ్యవహారం కాదు. 1888లో అమెరికాలో ఈస్ట్‌మన్ తెచ్చిన మొదటి కొడాక్ కెమెరా ఖరీదు 25 డాలర్లు. అదీ మామూలు వాళ్ళకి అందేది కాదు. అసలు మార్పు 1900 ఫిబ్రవరిలో వచ్చింది. బ్రౌనీ అనే కెమెరా వెల ఒక్క డాలరు! అట్టపెట్టె, దాని మీద తోలులా కనిపించే గుడ్డ, ముందు ఒకే ఒక్క చిన్న గాజుబిళ్ళ. ఆరు బొమ్మల ఫిలిమ్ చుట్ట 15 సెంట్లు. పిల్లల కోసం చేశామన్నారు గానీ, తల్లుల చేతుల్లోకీ వచ్చేసింది. స్టూడియోకి వెళ్ళని మొహాలు, పిల్లాడికి నీళ్ళు పోస్తున్న మొహాలు, బట్టలు ఆరేస్తున్న మొహాలు అప్పట్నుంచీ కాగితం మీదకి రావడం మొదలెట్టాయి.

మన దగ్గర ఆడవాళ్ళకి డబ్బుకంటే పరదా పెద్ద అడ్డు. ఆరో నిజాం ఆస్థానంలో ఫొటోగ్రాఫరుగా పేరుపడ్డ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసమే ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల ఫొటోలు తీసేది కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనిత. సాయానికి వున్నవాళ్ళూ ఆడవాళ్ళే. అక్కడికి వెళ్ళేది పెద్దింటి స్త్రీలే అనుకోండి. తరవాత కలకత్తాలో అన్నపూర్ణా దత్తా అనే గృహిణి భర్త దగ్గర ఫొటోగ్రఫీ నేర్చుకుని, పరదా పాటించే ఇళ్ళకి తనే వెళ్ళి ఆడవాళ్ళ ఫొటోలు తీసి, చీకటి గది పని కూడా తనే చేసుకుని సంసారానికి ఆసరా అయింది. 1913లో పుట్టిన హోమాయ్ వ్యారవాలా తరవాత భర్త అయిన మానెక్‌షా దగ్గరే పని నేర్చుకుంది. తొలి రోజుల్లో తను తీసిన ఫొటోలు అతని పేరుమీద అచ్చయ్యేవి. అయినా ఆగలేదు. మన దేశపు మొదటి మహిళా పత్రికా ఫొటోగ్రాఫరని పేరు తెచ్చుకుని, 2011లో పద్మవిభూషణ్ అందుకుంది.

ఇక మా ఇంటి బ్రౌనీ సంగతి. నా చిన్నప్పుడు నాన్న దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ వుండేది. బరోడాలో తయారయ్యేది. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ వుండే వుంటుంది. ఒక రీలుకి పన్నెండు ఫొటోలు. నాన్న వాటిని కందిపప్పు కొలిచినట్టు కొలిచి వాడేవాడు. దాని లెన్సు కదలదు. దగ్గరగా వెళ్ళి తీస్తే మొహం మసకే. అందుకని ఎప్పుడూ ఆరడుగులు వెనక్కి జరిగి, ఫిలిమ్ దండగ కాకుండా ఒక్క ఫొటోలో పదిహేనుమందిని ఇరికించేవాడు. మావయ్య పెళ్ళి ఫొటో తీసిందీ దాంతోనే. అమ్మమ్మ మొహం చిక్కుడు గింజంత ఎందుకయిందో నాకు ఇన్నేళ్ళకి బోధపడింది. చవక కెమెరా తప్పు సగమే. ఆ పన్నెండింట్లో ఒక్కటి అమ్మమ్మ కోసమే అని ఎవరికీ తోచకపోవడం మిగతా సగం.

ఇప్పుడు ఫిలిం బెంగ లేదు. ఫోనున్న ప్రతివాళ్ళ చేతిలోనూ కెమెరా వుంది. అయినా నా మొదటి వంద ఫొటోలూ ఘోరంగా వచ్చాయి. మిట్టమధ్యాహ్నం పెరట్లో తీస్తే కళ్ళ కింద గుంటలు. రాత్రి ఫ్లాష్ వేస్తే మొహం అప్పడంలా చదును. మరీ దగ్గరకెళితే ముక్కు ముందూ, మనిషి వెనకా! తప్పులు చేస్తూ చేస్తూ నేర్చుకున్నది ఇంతే: నీడపట్టున వున్న గుమ్మమో, కిటికీయో చాలు. మనిషిని దానికి కాస్త పక్కగా కూర్చోబెట్టాలి. చీకటి పడిన చెంప వైపు తెల్ల దుప్పటి ఒకటి ఆరేసినట్టు పట్టుకుంటే, వెలుగు దాని మీద పడి ఆ చెంపకి తిరిగొస్తుంది. నాలుగైదడుగుల దూరంలో మనం కూర్చుని, మనకి దగ్గరగా వున్న కన్ను స్పష్టంగా కనిపించేలా చూసుకోవాలి. సెకండ్ హ్యాండ్‌లో దొరికిన 50 మిల్లీమీటర్ల లెన్సు తప్ప నేను కొన్నది ఏమీ లేదు. అన్నిటికంటే ముఖ్యం, "నవ్వండి" అనకూడదు. అన్నామా, మెడ వెనక ఇనప కొక్కెం పెట్టినట్టే.

ఇదంతా నేర్చుకున్నది ఎవరి కోసమో మీరు గ్రహించే వుంటారు. అమ్మకి ఇప్పుడు డెబ్భై దాటాయి. కెమెరా చూడగానే చెంగు మొహానికి అడ్డం పెట్టుకునేది.

"ముసలిదాన్ని, నాకెందుకే ఫొటో? గోడకి వేలాడెయ్యడానికా?"

నా దగ్గర జవాబు లేదు. నా మనసులో దాక్కున్న భయాన్ని చెంగున లాగి బయట పడేసింది. "అదేం మాటమ్మా!" అన్నాను గానీ, ఆవిడ అన్నది అబద్ధం కాదని ఇద్దరికీ తెలుసు. నెల రోజులు కెమెరా ముట్టుకోలేదు.

ఒకనాడు పొద్దున్న అమ్మ పెరటి గుమ్మంలో పీట వేసుకుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. ఒక పక్క నుంచి లేత వెలుగు. రెండో పక్క తీగ మీద మావారి తెల్ల పంచె, ఎవరో కావాలని ఆరేసినట్టు. నేను కెమెరా ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూలబడ్డాను. "అమ్మమ్మ కళ్ళు నిజంగా ఎలా వుండేవే?" అని అడిగాను. అమ్మ చెయ్యి ఆగింది. చెప్పడం మొదలెట్టింది. ఎడమ కన్ను కాస్త చిన్నదట. కోపం వస్తే ఆ కన్నే ముందు ఎర్రబడేదట. చెబుతూ చెబుతూ ఎటో చూస్తూ వుండిపోయింది. నేను తీశాను. చప్పుడు విని కూడా చెంగు ఎత్తలేదు.

అచ్చు వేయించి తెచ్చి చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, వెలుగులోకి జరిగి, చాలాసేపు చూసింది.

"అచ్చం మా అమ్మలా వున్నానే" అంది.

నేను లేచి వెళ్ళి పెన్సిలు తెచ్చి, ఫొటో వెనక అమ్మ పేరూ, తారీకూ, 'పెరటి గుమ్మంలో' అనీ రాశాను. అమ్మ దాన్ని మళ్ళీ తిప్పి చూసుకుంది.

"ఆ చీర వెలిసిపోయిందే. రేపు ఇంకోటి కట్టుకుంటా, మళ్ళీ తియ్యి."