పేరు లేని పద్దు

రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. పేరు లేని పద్దును పాస్ చేయకూడదని ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే నేర్పారు.

మన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో (1951-52) సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. జాబితా రాయడానికి వెళ్లిన సిబ్బందికి, ముఖ్యంగా బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో, లక్షలాది స్త్రీలు పేరు చెప్పలేదు. 'ఫలానావారి భార్య', 'ఫలానావారి కూతురు' అనే రాయించారు. పరాయివాళ్లకు పేరు చెప్పకూడదన్నది ఆచారం. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు. బీహార్‌లో గడువు పెంచితే చాలామంది పేర్లిచ్చారు. చివరికి దేశంలోని దాదాపు 8 కోట్ల మహిళా ఓటర్లలో 28 లక్షల మంది పద్దులు కొట్టేశారు.

అన్నిమంది ఓటు పోవడం చిన్న నష్టం కాదు. కానీ ఆచారానికి తలొగ్గి ఉంటే ప్రభుత్వమే దానికి ముద్ర వేసినట్లయ్యేది. ఒక నెల గడువుకే సడలిన ఆచారం సనాతనం ఎలా అవుతుంది?

1992 నాటి 73వ సవరణ పంచాయతీల్లో స్త్రీలకు మూడోవంతు స్థానాలిచ్చింది. 2024లో లోక్‌సభకు 543 మందిలో 74 మంది స్త్రీలే గెలిచారు. పల్లెల్లో చాలాచోట్ల సంతకం సర్పంచ్‌ది, పెత్తనం ఆమె భర్తది. అంటే ఆ పాత పద్దు ఇంకా నడుస్తూనే ఉంది. దానికి ఆడిట్ అభ్యంతరం రాయవలసింది మనమే.