దంత చికిత్సానంతర నొప్పి మందులు: చరిత్ర

పన్ను తీయడం, రూట్ కెనాల్, జ్ఞానదంతం శస్త్రచికిత్స వంటివాటి తర్వాత మత్తు దిగగానే మొదలయ్యే నొప్పికి మూలం వాపు. గాయపడిన కణజాలంలో ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు తయారై నాడుల కొసలను సున్నితం చేస్తాయి. ఈ సంగతి తేలడానికి చాలాముందే నొప్పికి మందుల కోసం వెతుకులాట మొదలైంది.

పూర్వం పంటినొప్పికి లవంగ నూనె, నల్లమందు వాడేవారు. లవంగంలోని యూజెనాల్‌కు తాకిన చోట తిమ్మిరి పుట్టించే గుణం ఉంది. 1844లో అమెరికా దంతవైద్యుడు హోరేస్ వెల్స్ నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్నే తీయించుకున్నాడు. 1846లో విలియం మోర్టన్ ఈథర్ మత్తులో రోగి పన్ను తీశాడు. 1884లో కొకైన్, 1905 నుంచి ప్రొకైన్, 1940లలో లిడోకైన్ మత్తు ఇంజెక్షన్లుగా వచ్చాయి. వీటితో పన్ను తీసేటప్పటి బాధ తప్పింది కానీ, ఇంటికి వెళ్లాక వచ్చే నొప్పి మిగిలిపోయింది.

ఆ నొప్పికి మాత్రలు వచ్చాయి. 1899లో బేయర్ సంస్థ ఆస్పిరిన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అయితే అది రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేస్తుంది. 1950లలో పారాసిటమాల్ వ్యాప్తిలోకి వచ్చింది. బూట్స్ సంస్థలో స్టూవర్ట్ ఆడమ్స్ బృందం రూపొందించిన ఐబుప్రోఫెన్‌ను బ్రిటన్‌లో 1969 నుంచి వైద్యుల చీటీపై ఇవ్వసాగారు. ఆస్పిరిన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయని 1971లో జాన్ వేన్ నిరూపించాడు. అందుకు 1982 నోబెల్ బహుమతిలో భాగం పొందాడు.

నొప్పి మందుల పరీక్షలకు జ్ఞానదంతం తీయించుకున్న యువతీయువకులు అనువైనవారయ్యారు. వారిలో చాలామంది ఆరోగ్యవంతులు, గాయమూ ఇంచుమించు ఒకే తీరుది. ఈ పరీక్షల్లో 400 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ బాగా పనిచేసింది. పారాసిటమాల్ కలిపితే ఫలితం మరింత మెరుగైంది. అయినా అమెరికాలో దంతవైద్యులు హైడ్రోకొడోన్ వంటి నల్లమందు తరహా మాత్రలు విరివిగా రాశారు. వ్యసన సంక్షోభం ముదిరాక, 2018లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ వాటిని ఏడు రోజులకు మించి రాయకుండా పరిమితులు ఉండాలంది. అక్కడి 2024 మార్గదర్శకాలు పెద్దలకూ కౌమారులకూ ఐబుప్రోఫెన్ వంటి మందులనే, అవసరమైతే పారాసిటమాల్‌తో కలిపి, మొదట వాడాలన్నాయి. భారతదేశంలో 12 ఏళ్లలోపు పిల్లలకు నిమెసులైడ్ అనే నొప్పి మందు వాడకాన్ని 2011లో నిషేధించారు.

కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, నెలలు నిండుతున్న గర్భిణులు ఐబుప్రోఫెన్ వాడరాదు. పెద్దలకు రోజు మొత్తంలో పారాసిటమాల్ 4 గ్రాములు దాటకూడదు. మూడో రోజుకూ తగ్గకుండా నొప్పి పెరిగినా, జ్వరం, చీము కనిపించినా మాత్రలతో సరిపెట్టుకోక దంతవైద్యుణ్ణి సంప్రదించాలి.