మనామా అడిగిన నాలుగు

1956 డిసెంబరు 28న బహ్రెయిన్ నుంచి బ్రిటిష్ నౌకాదళానికి చెందిన లాక్ ఇన్ష్ అనే యుద్ధనౌక బయల్దేరింది. అందులో ముగ్గురు ఖైదీలున్నారు. అబ్దుర్ రహ్మాన్ అల్-బాకిర్, అబ్దుల్ అజీజ్ అల్-షమ్లాన్, అబ్దలీ అల్-అలీవాత్. మొదటి ఇద్దరూ సున్నీలు, మూడో ఆయన షియా. ఒక్కొక్కరికి పద్నాలుగేళ్ల శిక్ష. వాళ్లను తీసుకెళ్తున్నది దక్షిణ అట్లాంటిక్‌లోని సెయింట్ హెలెనా దీవికి. వాటర్లూలో ఓడిన నెపోలియన్‌ను ఉంచింది అక్కడే.

చక్రవర్తిని బంధించిన చోటుకు పంపేంత నేరం వీళ్లేం చేశారు? రెండేళ్ల ముందు తమ దేశంలో నాలుగు డిమాండ్లు పెట్టారు. ఎన్నికైన శాసనసభ, రాతపూర్వకమైన శిక్షాస్మృతి, పైకోర్టు, కార్మిక సంఘం పెట్టుకునే హక్కు.

కోఠీలో రెసిడెంటు, మనామాలో ఏజెంటు

19వ శతాబ్దంలో వరసగా కుదిరిన ఒప్పందాలతో బహ్రెయిన్ విదేశాంగం, రక్షణ బ్రిటిష్‌వారి చేతికి పోయాయి. గద్దె మీద ఖలీఫా వంశపు షేకే ఉంటాడు, మాట మాత్రం పొలిటికల్ ఏజెంటుదే నెగ్గుతుంది. హైదరాబాద్‌లో నిజాం గద్దెకూ కోఠీ రెసిడెన్సీకీ ఉన్న లెక్క తెలిసిన తెలుగువారికి దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. పైగా 1947 దాకా మనామా ఏజెంటు జవాబు చెప్పుకోవలసింది భారత ప్రభుత్వానికే. మనామా బజారులో చెల్లే డబ్బు కూడా మన రూపాయే.

1926లో చార్ల్స్ బెల్‌గ్రేవ్ అనే ఆంగ్లేయుడు షేక్‌కు సలహాదారుగా వచ్చాడు. లండన్ పత్రికలో ప్రకటన చూసి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న మనిషి. అలా వచ్చినవాడు ముప్పై ఏళ్లు ఉండిపోయాడు. ఖజానా, పోలీసులు, న్యాయస్థానాలు అన్నింటి మీదా ఆయన చెయ్యే. జనం ఆయన్ను సలహాదారు అనే పిలిచేవారు, పాలించేది ఆయనేనని అందరికీ తెలుసు.

ఈలోగా దేశం రూపు మారింది. జపాన్ కల్చర్డ్ ముత్యాలు వచ్చి ముత్యాల వేటను దెబ్బకొట్టాయి. 1932లో జబల్ దుఖాన్ దగ్గర చమురు పడింది. గల్ఫ్ అరబ్బు తీరంలో దొరికిన తొలి చమురు అది. బాప్కో కంపెనీ, దాని రిఫైనరీ, వాటితో జీతగాళ్ల వర్గం పుట్టుకొచ్చాయి. 1938లోనే సంస్కరణలు కావాలని గొంతులు లేచాయి. ఆ నాయకుల్లో ఒకరైన సాద్ అల్-షమ్లాన్‌ను బొంబాయికి వెళ్లగొట్టారు. పద్దెనిమిదేళ్ల తర్వాత సెయింట్ హెలెనా ఓడ ఎక్కిన అబ్దుల్ అజీజ్ ఆయన కొడుకే.

కొట్లాటలోంచి ఐక్యత

1953 సెప్టెంబరులో మొహర్రం ఊరేగింపు దగ్గర సున్నీ, షియాలు కొట్టుకున్నారు. ఆ కక్ష మరుసటి ఏడు రిఫైనరీ దాకా పాకింది. శిక్షలు పక్షపాతంగా ఉన్నాయంటూ 1954 జులైలో షియాలు మనామా కోట దగ్గర గుమిగూడితే పోలీసులు కాల్పులు జరిపారు. నలుగురు చనిపోయారు. రెండు వర్గాలనూ ఇక ఎవరూ కలపలేరని అనుకోవలసిన సమయం అది.

కలిపింది మోటారు బీమా. వాహనాలకు బీమా తప్పనిసరి అనడంతో టాక్సీ, బస్సు డ్రైవర్లు మండిపడ్డారు. కంపెనీలు అడిగే ప్రీమియం కట్టే తాహతు వాళ్లకు లేదు. 1954 సెప్టెంబరులో బండ్లు ఆపేశారు. అప్పుడు అల్-బాకిర్ ఒక దారి చూపించాడు. కంపెనీలకు కట్టే బదులు డ్రైవర్లే తలా కొంత వేసుకుని సహకార పరిహార నిధి పెట్టుకోవాలి. ప్రమాదం జరిగితే నష్టం ఆ నిధిలోంచి ఇవ్వాలి. సున్నీ డ్రైవరూ షియా డ్రైవరూ ఒకే నిధికి చందా కట్టారు. సమ్మె విరమించారు, కూడగట్టుకున్న నమ్మకాన్ని మాత్రం వదులుకోలేదు.

తర్వాతి అడుగు అక్టోబరులో పడింది. పెద్ద సభ ఒకటి ఏర్పడి, ఎనిమిది మందితో ఉన్నత కార్యవర్గాన్ని ఎన్నుకుంది. మొదట చెప్పిన నాలుగు డిమాండ్లూ ఈ కార్యవర్గానివే. నలుగురు సున్నీలు, నలుగురు షియాలు. జనం నోట అది ‘అల్-హైఆ’ అయింది. ఆ ఏడాది డిసెంబరులో సార్వత్రిక సమ్మెకు పిలుపిస్తే బజారు, రిఫైనరీ ఆగిపోయాయి. ఎక్కడా దొమ్మీ లేదు. మరుసటి ఏడు కార్మిక సమాఖ్య కూడా వెలిసింది.

బెల్‌గ్రేవ్‌ను కలవరపెట్టింది ఇదే. రాళ్లు విసిరే గుంపును చెదరగొట్టడం పోలీసులకు తెలిసిన పని. లెక్కలు రాసుకుంటూ, చందాలు వసూలు చేస్తూ, రెండు మతవర్గాలనూ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టే సంఘాన్ని ఏం చేయాలో ఎవరికీ తోచలేదు.

సముద్రాల అవతల అమెరికాలోని మాంట్‌గొమరీ నల్లజాతివారు 1955 డిసెంబరులో బస్సుల బహిష్కరణ మొదలుపెట్టి, సొంత కార్లలో మనుషుల్ని చేరవేసుకున్నారు. స్థానిక కంపెనీలు ఆ కార్ల బీమా రద్దుచేస్తే, లండన్‌లోని లాయిడ్స్ దగ్గర పాలసీ తెచ్చుకుని 381 రోజులు నిలబడ్డారు. మనామా డ్రైవర్లు అంతకు ఏడాది ముందే తమ బీమా తామే పెట్టుకున్నారు. ఇక్కడ నడిచిన దారినే అక్కడివారు నడిచారని కాదు. హక్కుల పోరాటం ఎక్కడైనా చివరికి రోజువారీ ఖర్చును ఎవరు మోయాలన్న దగ్గరే నిలబడుతుందో పడుతుందో తేలుతుంది.

1956: వేసవి రాకముందే వేడి

కైరో నుంచి ‘సౌత్ అల్-అరబ్’ రేడియో ఈజిప్టు నేత నాసర్ మాటల్ని ప్రతి కాఫీ దుకాణానికీ చేరవేస్తున్న రోజులవి. 1956 మార్చి 2న బ్రిటన్ విదేశాంగ మంత్రి సెల్విన్ లాయిడ్ నాసర్‌ను కలిసి కరాచీ వెళ్తూ బహ్రెయిన్‌లో దిగాడు. ముహర్రక్‌లో ఫుట్‌బాల్ ఆట వదిలిన జనం ఆయన వాహనాలకు ఎదురుపడ్డారు. బెల్‌గ్రేవ్ పోవాలని నినాదాలు, కార్ల మీద రాళ్లు. ముందురోజే జోర్డాన్ రాజు తన సైన్యాధిపతి, ఆంగ్లేయుడు గ్లబ్‌ను సాగనంపాడు. లండన్‌కు రెండు దెబ్బలూ ఒకేసారి తగిలాయి.

మార్చి 11న మనామా మునిసిపాలిటీ దగ్గర కూరగాయల వ్యాపారికీ పోలీసుకూ మాటామాటా పెరిగింది. జనం చేరారు, పోలీసులు కాల్చారు, మళ్లీ ప్రాణాలు పోయాయి, మళ్లీ సమ్మె. ఈసారి ప్రభుత్వం మెట్టు దిగి సంఘాన్ని గుర్తించింది. పేరు జాతీయ ఐక్య సంఘంగా మార్చుకోవాలన్నది ఒక షరతు. అల్-బాకిర్ కొన్ని నెలలు దేశం విడిచి ఉన్నాడు.

అక్టోబరు చివర సూయెజ్ యుద్ధం వచ్చింది. ఈజిప్టుకు మద్దతుగా నవంబరు 2న మనామాలో జరిగిన ప్రదర్శన అదుపు తప్పింది. బ్రిటిష్ ఆస్తులు తగలబడ్డాయి. బ్రిటిష్ సైన్యం వీధుల్లోకి వచ్చింది. శాంతియుత సమ్మెలతో పేరు తెచ్చుకున్న సంఘానికి ఆ మంటలే ఉరి బిగించాయి. నవంబరు 6న నాయకుల్ని పట్టుకున్నారు.

తీర్పుకు ముందే ఓడ సిద్ధం

విచారణ డిసెంబరులో బుదయ్యా గ్రామంలో జరిగింది. న్యాయమూర్తులు ముగ్గురూ పాలక వంశస్థులే. షేక్‌ను హత్యచేయడానికి కుట్ర పన్నారన్నది ఆరోపణ. ముగ్గురికి పద్నాలుగేళ్లు, ఇబ్రహీం ఫఖ్రో, ఇబ్రహీం బిన్ మూసాలకు పదేళ్లు పడ్డాయి. మాంట్‌గొమరీ బస్సుల్లో నల్లవారు ముందు సీట్లలో కూర్చున్నదీ ఆ వారంలోనే.

అసలు విడ్డూరం ఇంకోటుంది. ఖైదీలను సెయింట్ హెలెనాకు తరలించేందుకు లండన్‌లో కాగితాలు విచారణ మొదలుకాకముందే సిద్ధమయ్యాయి. ఇంకా శిక్ష పడని మనుషులకు జైలు ఖరారైపోయింది.

ద్వీపాంతరం బ్రిటిష్‌వారికి పాత అలవాటు. బహదూర్ షాను రంగూన్‌కు, ఈజిప్టు నాయకుడు జగ్లూల్ పాషాను మాల్టాకు పంపారు. 1956లోనే సైప్రస్ ఆర్చిబిషప్ మకారియోస్‌ను సీషెల్స్‌కు పంపారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరకు అండమాన్ చూపించారు.

అయితే సామ్రాజ్యం తన చట్టంలో తానే చిక్కుకుంది. అల్-బాకిర్ సెయింట్ హెలెనా కోర్టులోనే హెబియస్ కార్పస్ వేశాడు. ఓడిపోయి ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లాడు. 1960లో అక్కడా ఓడాడు. కానీ బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్నలు ఆగలేదు. రెండోసారి వేసిన పిటిషన్ మీద 1961 జూన్‌లో ముగ్గురూ విడుదలయ్యారు. బెల్‌గ్రేవ్ 1957లోనే దేశం విడిచి వెళ్లిపోయాడు. అల్-బాకిర్ ఆ ప్రవాసం గురించి పుస్తకం రాశాడు.

స్వాతంత్య్రం తర్వాత లెక్క

1965 మార్చిలో బాప్కో వందలాది మందిని పనిలోంచి తీసేయడంతో మళ్లీ మనామా వీధుల్లోకి విద్యార్థులు, కార్మికులు వచ్చారు. 1970లో, బహ్రెయిన్ తనదేనన్న ఇరాన్ వాదన మీద ఐక్యరాజ్యసమితి దూత గుయిచ్చార్డీ ప్రజాభిప్రాయం సేకరించాడు. అత్యధికులు స్వతంత్ర దేశం కావాలన్నారు. 1971 ఆగస్టు 15న బహ్రెయిన్ స్వతంత్రమైంది. రాజ్యాంగ పరిషత్తు సమావేశమైనప్పుడు దాని ఉపాధ్యక్షుడు ఎవరో కాదు, సెయింట్ హెలెనా ఖైదీ అల్-షమ్లాన్. మన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైనట్టే.

మరి ఆ నాలుగు డిమాండ్లు ఏమయ్యాయి? ఎన్నికైన సభ్యులు మెజారిటీగా ఉన్న శాసనసభ 1973లో వచ్చి 1975లో రద్దయింది. 2002 తర్వాత వచ్చిన పార్లమెంటులో సగం మంది ఎన్నికైనవారు, సగం మంది నియమితులు. శిక్షాస్మృతి 1976లో వచ్చింది. అత్యున్నత అప్పీలు కోర్టు 1989లో. కార్మిక సంఘాల చట్టం 2002లో, అంటే అడిగిన నలభై ఎనిమిదేళ్లకు.

1954 సంఘం రెండేళ్లకే ఓడిపోయింది. కానీ తర్వాత అర్ధశతాబ్దం పాటు రాజ్యం రాసుకున్న చట్టాల జాబితా ఆ ఎనిమిది మంది రాసిచ్చిందే.

ఆ చివరి చట్టంతో మనవాళ్లకూ సంబంధం ఉంది. 2002 చట్టం ప్రకారం విదేశీ కార్మికులూ సంఘంలో చేరవచ్చు. కరీంనగర్ నుంచో నిజామాబాద్ నుంచో వెళ్లి మనామా నిర్మాణ పనుల్లో ఉన్నవారికి ఆ తలుపు తెరిచే ఉంది. కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్న ఆడవాళ్లను మాత్రం ఆ చట్టం బయటే ఉంచింది. గల్ఫ్ వలసల మీద ఒప్పందాలు చేసుకునే మన ప్రభుత్వాలు ముందుగా అడగవలసింది ఆ మినహాయింపు గురించే.