పాత బుల్లెట్, చోక్, ఐడ్లింగ్: మరమ్మతు పని చరిత్రకు ఆధారం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కార్బ్యురేటర్‌లో చోక్, ఐడ్లింగ్ ఏర్పాట్లు చేసే పనిని వివరించగలుగుతారు.
• స్వాతంత్ర్యానంతర భారతదేశంలో మోటార్‌సైకిల్ పరిశ్రమకూ మరమ్మతు వృత్తికీ గల సంబంధాన్ని చెప్పగలుగుతారు.
• కాగితం మీదికి ఎక్కని పనితనాన్ని నమోదు చేయవలసిన అవసరాన్ని గుర్తించగలుగుతారు.

1. పరిచయం

చలికాలం పొద్దున్నే మీరు ఒక పాత బుల్లెట్‌ను బయటికి తీశారనుకోండి. చోక్ వేసి నాలుగు కిక్కులు కొడితే ఇంజన్ అందుకుంది. కాసేపటికి చోక్ తీశారు, ఆగిపోయింది. మళ్లీ చోక్ వేస్తే నడుస్తుంది, తీస్తే ఆగుతుంది. లోపం ఎక్కడుంది?

చరిత్ర పాఠంలో ఈ ప్రశ్న ఎందుకని మీరు అడగవచ్చు. యంత్రాలను కనిపెట్టినవారి గురించి మన పుస్తకాలు చాలా చెబుతాయి. వాటిని దశాబ్దాల పాటు నడిచేలా ఉంచినవారి గురించి చెప్పేది తక్కువ. సాంకేతికతను ఆవిష్కరణ వైపు నుంచి మాత్రమే కాక, వాడకం, నిర్వహణ వైపు నుంచి కూడా చూడాలని బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో వెలువడిన ‘ది షాక్ ఆఫ్ ది ఓల్డ్’ గ్రంథంలో వాదించాడు. బుల్లెట్ చోక్ ఆ వాదనను పరీక్షించడానికి తగిన ఉదాహరణ.

2. రెడ్డిచ్ నుంచి మద్రాసుకు

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్ పట్టణానికి చెందిన కంపెనీ. సరిహద్దు గస్తీకి భారత సైన్యం దాని 350 సి.సి. బుల్లెట్‌ను ఎంచుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మొదట ఇంగ్లండ్ నుంచి వచ్చిన భాగాలను మద్రాసులో బిగించేవారు. తరువాత తిరువొత్తియూరు కర్మాగారంలోనే తయారీ మొదలైంది. 1967లో రెడ్డిచ్ కర్మాగారం మూతపడింది. మద్రాసు బుల్లెట్ మాత్రం దాదాపు అదే నమూనాతో దశాబ్దాల పాటు కొనసాగింది.

దీనికి మన ఆర్థిక విధానంతో సంబంధం ఉంది. 1951 పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం కింద ఉత్పత్తికి లైసెన్స్ కావాలి. విదేశీ మారకద్రవ్యం కొరత వల్ల దిగుమతులపై ఆంక్షలుండేవి. పోటీ తక్కువ కాబట్టి నమూనా మార్చవలసిన ఒత్తిడీ తక్కువే. కొత్త బండి సులభంగా దొరకదు కాబట్టి పాతదాన్ని బాగుచేసుకోవడమే మార్గం. ఒకే యంత్రం ఏళ్ల తరబడి మారకుండా చేతికి రావడంతో మెకానిక్ దాని ప్రతి జబ్బునూ గుర్తుపట్టగలిగాడు.

3. చోక్ చేసే పని

పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో దానికి సుమారు 14.7 రెట్లు గాలి కావాలి. చల్లని ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, కొంత లోహపు గోడలకు అంటుకుపోతుంది. అందుకే స్టార్ట్ చేసేటప్పుడు మిశ్రమం చిక్కగా ఉండాలి. ఆ ఏర్పాటే చోక్.

పాత అమల్ కార్బ్యురేటర్‌లో చోక్ ఒక చిన్న పలక. అది గాలి దారిని కొంత మూస్తుంది. తరువాతి బుల్లెట్లకు వచ్చిన మిక్‌కార్బ్‌లో గాలిని మూయరు. అదనపు పెట్రోలు కోసం వేరే సన్నని దారి తెరుస్తారు. ఇంజన్ పీల్పు బలంగా ఉంటేనే ఆ దారి పని చేస్తుంది కాబట్టి యాక్సిలరేటర్ తిప్పకుండా కిక్ కొట్టాలి. తిప్పితే చోక్ వేసినా ఫలితం ఉండదు. ‘చోక్’ అనే మాట అలాగే ఉంది, లోపలి యంత్రం మారింది. ఒకే పదం వెనుక వేరువేరు వాస్తవాలు ఉండవచ్చని చరిత్ర విద్యార్థులకు ఇది గుర్తుచేస్తుంది.

4. లోపం వెతికే క్రమం

అనుభవం ఉన్న మెకానిక్ ముందు స్పానర్ పట్టుకోడు. లక్షణం చూస్తాడు.

(అ) చోక్ వేస్తేనే నడుస్తోంది: మిశ్రమం పలుచబడింది. పైలట్ జెట్ మూసుకుపోయి ఉండవచ్చు. నెలల తరబడి నిలిచిన పెట్రోలు జిగురుగా మారి ఆ సన్నని రంధ్రంలో పేరుకుంటుంది. కార్బ్యురేటర్ బిగింపు దగ్గర గాలి లోపలికి లీకవుతూ ఉండవచ్చు. జెట్‌ను గాలి ఊది శుభ్రం చేయాలి. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై కొలత శాశ్వతంగా చెడుతుంది.

(ఆ) నల్లటి పొగ, మసిపట్టిన ప్లగ్గు, వేడెక్కాక ఆగిపోవడం: మిశ్రమం చిక్కబడింది. చోక్ పూర్తిగా వెనక్కి రాలేదేమో, ఫ్లోట్ గదిలో పెట్రోలు పొంగుతోందేమో చూడాలి.

(ఇ) ఐడ్లింగ్ ఎక్కువై తగ్గడం లేదు: హ్యాండిల్ అటూ ఇటూ తిప్పినప్పుడు ఇంజన్ వేగం మారితే యాక్సిలరేటర్ కేబుల్ బిగుతుగా ఉన్నట్టే. మారకపోతే గాలి లీకును, అరిగిన స్లైడును అనుమానించాలి.

ఇవి సరిచేశాకే ట్యూనింగ్. ఇంజన్ వేడెక్కాక, గాలి స్క్రూను పూర్తిగా బిగించి సుమారు ఒకటిన్నర చుట్లు వదులు చేయాలి. అక్కడి నుంచి కొద్దికొద్దిగా తిప్పుతూ ఇంజన్ నిలకడగా, వేగంగా ఆడే చోటు పట్టుకోవాలి. ఆ తరువాత స్టాప్ స్క్రూతో వేగం తగ్గించాలి. ఒకసారి ఒక్కటే మార్చాలి. రెండూ కలిపి మారిస్తే ఏది కారణమో తేలదు. ఏ మార్పుకూ ఇంజన్ స్పందించకపోతే ఇగ్నిషన్ వైపు చూడాలి. కార్బ్యురేటర్ మీద మోపే నేరాల్లో కొన్ని నిజానికి కాంటాక్ట్ పాయింట్లవి.

5. కాగితం మీద లేని పరిజ్ఞానం

పైన చెప్పిన కొలతలు మాన్యువల్‌లో దొరుకుతాయి. కానీ ‘నిలకడగా ఆడే చోటు’ ఎలా వినిపిస్తుందో ఏ మాన్యువలూ చెప్పలేదు. అది షెడ్డులో ఉస్తాద్ పక్కన, మేస్త్రి పక్కన కూర్చుని చెవితో నేర్చుకున్నది. కంపెనీ నివేదికలు అమ్మిన బండ్లను లెక్కిస్తాయి. నడుస్తూ ఉండేలా చేసిన చేతులను లెక్కించవు.

2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. బుల్లెట్ 350 కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారింది. ఇప్పుడు ఇంజన్ వేడిని సెన్సార్ కొలుస్తుంది, పెట్రోలు ఎంతో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. పొగ తగ్గింది, స్టార్టింగ్ సులువైంది. ఈ మేలును కాదనలేం. అయితే చోక్ తెలిసిన తరం పని విరమించే నాటికి ఆ పరిజ్ఞానం ఎక్కడా రాసి లేకపోతే, మన పారిశ్రామిక చరిత్రలో ఒక అధ్యాయం ఆధారాలు లేకుండానే ముగిసిపోతుంది.

6. సారాంశం

నియంత్రిత ఆర్థిక వ్యవస్థ బుల్లెట్‌ను చాలాకాలం మారకుండా ఉంచింది. ఆ నిలకడ మరమ్మతు పనితనాన్ని పెంచింది. కొత్త సాంకేతికతతో ఆ పనితనం అవసరం తగ్గుతోంది. దాన్ని నమోదు చేయడానికి ఇదే తగిన సమయం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. అమల్, మిక్‌కార్బ్ చోక్‌ల మధ్య తేడా ఏమిటి?
2. లైసెన్స్ విధానం మరమ్మతు వృత్తిని ఎలా ప్రభావితం చేసింది?
3. క్షేత్రకార్యం: మీ ఊరిలో 1991కి ముందు పని మొదలుపెట్టిన ఒక మెకానిక్‌ను కలవండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ బండ్లు బాగుచేశారో, లోపాన్ని ఏ గుర్తులతో పట్టేవారో అడగండి. అనుమతి తీసుకుని, ఆయన వాడిన మాటల్లోనే రెండు పుటలు రాయండి.