శేషాచలం అడవుల్లో రక్షణ దళం : రేంజరు ఉద్యోగ చరిత్రలో ఒక అధ్యాయం

అటవీశాఖలో రేంజరు అనగానే మన కుటుంబ సభ్యులకు సైతం గుర్తుకు వచ్చేది కూపు వేలాలు, వెదురు డిపోలు, నర్సరీలు. ఇంగ్లండులో రాజుగారి వేట అడవులను కాపలా కాసే అధికారికి పెట్టిన పేరు రేంజరు. అంటే ఆ మాట పుట్టుకలోనే కాపలా ఉంది. మన రాష్ట్రంలో ఆ పాత అర్థం తిరిగి ప్రాణం పోసుకున్న చోట్లలో శేషాచలం ముఖ్యమైనది. అక్కడి జాతీయ పార్కులోను, దానిని ఆనుకొని ఉన్న రిజర్వు అడవుల్లోను రక్షణ దళానికి నాయకత్వం వహించిన వారిలో నేనొకడిని కనుక, ఈ ప్రత్యేక సంచికకు ఆ చరిత్ర రాయడం నా వంతు అనుకున్నాను.

కథ కొంచెం వెనుక నుంచి చెప్పాలి. మద్రాసు రాజధానికి 1856లో హ్యూ క్లెగ్‌హార్న్ అనే వైద్యుడిని మొదటి అటవీ కన్సర్వేటరుగా నియమించారు. 1860ల దశకంలో మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరు వైపు రైలుమార్గం సాగింది. నేటికీ రేణిగుంట దాటగానే మామండూరు, బాలుపల్లె, కోడూరు, రాజంపేట అంటూ శేషాచలం పాదాల వెంట పోయేది ఆ మార్గమే. పట్టాల కింద స్లీపర్లు, ఇంజనుకు కట్టెలు, స్టేషన్లకు దూలాలు అన్నీ కొండ మీది నుంచే దిగాయి. అడవి ఇట్లాగే పోతే మిగలదని గ్రహించిన తరువాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది, రిజర్వులు ఏర్పడ్డాయి, హద్దురాళ్ళు పడ్డాయి. 1912లో కోయంబత్తూరులో అటవీ కళాశాల ప్రారంభమైంది. నా తరం రేంజర్లలో చాలామంది అక్కడ రెండేళ్ళు చదివిన వాళ్ళమే. చదువులో ఎక్కువ భాగం వృక్షశాస్త్రం, సర్వే, కలప కొలతలు. మనిషిని పట్టుకోవడం, కేసు కట్టడం అనేవి చివర్లో వచ్చే చిన్న పాఠాలు. ఉద్యోగంలో చేరాక ఆ నిష్పత్తి తలకిందులైంది.

స్వాతంత్ర్యం తరువాత మన రాష్ట్రానికి 1967 అటవీ చట్టం, దేశానికంతటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాయి. శేషాచలంలో 1985లో శ్రీ వేంకటేశ్వర అభయారణ్యం, 1989లో జాతీయ పార్కు ప్రకటించారు. పార్కు విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్లు, పాత చిత్తూరు, కడప జిల్లాల్లో ఉంది. 2010లో చుట్టూ ఉన్న అడవులతో కలిపి శేషాచలం జీవావరణ రిజర్వు అయింది. తలకోన జలపాతం, తుంబురు తీర్థం, దేవాంగపిల్లి, బంగారు బల్లి, కొండగొర్రె, రేసుకుక్కలు – ఇవన్నీ ఆ కొండల సొత్తు.

అభయారణ్యానికి, జాతీయ పార్కుకు తేడా ఏమిటని చాలామంది అడుగుతారు. కాగితం మీద చిన్న తేడా, కొండ మీద పెద్ద తేడా. అభయారణ్యంలో పశువుల మేతను నియంత్రించవచ్చు. జాతీయ పార్కులో 35వ సెక్షను ప్రకారం మేతే ఉండకూడదు. తాతల నాటి నుంచి మేకలు తోలుకుపోయే మనిషికి ఆ గీత ఎక్కడుందో ఏం తెలుస్తుంది? ఆ గీత దగ్గర నిలబడి అతనికి చెప్పవలసినవాడు ఫారెస్ట్ గార్డు. మొదటి రెండు మూడేళ్ళు మా పనిలో సగం ఈ చెప్పడమే. కేసులు కడితే పై అధికారులకు అంకెలు బాగుంటాయి గాని ఊరు దూరమవుతుంది. ఊరు దూరమైతే దొంగ ఎవరింట్లో అన్నం తిన్నాడో మనకు చెప్పేవాడుండడు. అందువల్ల మేకల విషయంలో ఓర్పు, గొడ్డలి విషయంలో పట్టు అనేది మా దళం నియమం. దీనిని ఆ రోజుల్లో మెత్తదనం అన్నవారున్నారు. నా అభిప్రాయం మాత్రం మారలేదు.

ఇక గొడ్డలి సంగతి. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో మాత్రమే, అందులోను ప్రధానంగా కడప, చిత్తూరు, నెల్లూరు ప్రాంతపు కొండల్లో. రాళ్ళ నేలలో, తక్కువ మట్టిలో, నిదానంగా పెరుగుతుంది. చేవ నీళ్ళలో మునిగేటంత బరువు. పూర్వం దీనిని ఐరోపాకు ఎర్రరంగు కోసం పంపేవారు. రసాయన రంగులు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. మా చిన్నతనంలో ఇది గుంజలకు, బండి సామానుకు, తిరుపతి చెక్కబొమ్మలకు పనికివచ్చే కలప, అంతే. అయితే కొన్ని చెట్ల చేవలో అలలు అలలుగా ధార ఉంటుంది. జపానులో షామిసెన్ అనే తంత్రీ వాద్యపు కాడకు ఆ ధార ఉన్న కలపను శ్రేష్ఠంగా ఎంచుతారు. చైనాలో రాజుల కాలం నుంచి ఎర్రకలప సామానుకు మోజు ఉంది. అక్కడ డబ్బు పెరిగేకొద్దీ ఇక్కడ కొండ మీద గొడ్డలి చప్పుడు పెరిగింది. 1995లో అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం రెండవ అనుబంధంలో ఎర్రచందనాన్ని చేర్చారు. కాగితానికి కట్టుదిట్టం వచ్చింది, కాని కొండకు మనుషులు కావాలి.

నేను దళం బాధ్యత తీసుకున్నప్పుడు మా బలం ఇది : ఒక డిప్యూటీ రేంజరు, ఇద్దరు ఫారెస్టర్లు, ఆరుగురు గార్డులు, ఎనిమిదిమంది వాచర్లు. (ఇప్పుడు గార్డును బీట్ ఆఫీసరు అని, ఫారెస్టరును సెక్షన్ ఆఫీసరు అని అంటున్నారు. పేరు పెరిగింది, సంతోషమే. బీటు మాత్రం తగ్గలేదు.) ఒక జీపు, రెండు వైర్‌లెస్ సెట్లు, లాఠీలు, టార్చిలైట్లు. తుపాకి ఉన్నా దానిని తీయకుండా పని జరగాలన్నది నా షరతు.

అడవిలో దొంగను పట్టడమంటే పరుగెత్తడం కాదు, కూర్చోవడం. నరికేవాళ్ళు పగలు నరుకుతారు. బెరడు, తెల్లచెక్క చెక్కేసి చేవను మాత్రం దుంగలు చేస్తారు, రాత్రి భుజాన మోసుకొని దిగుతారు. ఒక్కొక్కడు 30 కిలోల దాకా మోస్తాడు. వారం పది రోజులు కొండ మీదే ఉంటారు కనుక బియ్యం కావాలి, నీళ్ళు కావాలి. మా వేగు అంతా ఈ రెండింటి మీదే. అడవి అంచు ఊళ్ళో చిన్న అంగడిలో ఉన్నట్టుండి నాలుగు బస్తాల బియ్యం అమ్ముడుపోతే ఆ వార్త మాకు చేరాలి. వేసవిలో నీటిగుంటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు, వాటి దగ్గర మాటు వేస్తే చాలు. అయితే మేము గుంట ఒడ్డునే కూర్చుంటే జింక, కణుజు నీళ్ళకు రావు. ఎవరి కోసం కాపలా కాస్తున్నామో వాటిని దప్పికతో చంపినట్టవుతుంది. అందుకని 200 మీటర్ల దూరంలో దారి మీద కూర్చునేవాళ్ళం. పట్టుబడి కొంత తగ్గేది, తగ్గనీ.

వాచర్లలో నలుగురు యానాదులు. వారు లేకపోతే దళం లేదు. అందరికంటె పెద్దాయన వంగి నేలను చూసి, ‘సామీ, పోయేటోళ్ళు కాదు, వచ్చేటోళ్ళు. బరువు మీద ఉండారు’ అనేవాడు. ఎట్లా తెలుసంటే, బరువు మోసేవాడి అంగ చిన్నదవుతుంది, మడమ లోతుగా దిగుతుంది, కాలివేళ్ళు విచ్చుకుంటాయి. ఆ జాడ మీద మంచు పడిందా, చీమ నడిచిందా చూసి ఎంతసేపైందో చెప్పేవాడు. కోయంబత్తూరులో ఈ పాఠం లేదు.

2003 వేసవిలో ఒక రాత్రి జరిగినది చెబుతాను, ఎందుకంటే మా పని స్వభావం అందులో ఉంది. వార్త ప్రకారం ఇరవైమంది దిగాలి. తీరా చూస్తే నలభైమంది పైనే ఉన్నారు. మేము పధ్నాలుగురం. ఇరుకు కనుమలో ముందువాళ్ళను పోనిచ్చాం. చివరి గుంపు మధ్యకు వచ్చాక రెండువైపులా లైట్లు వేశాం. దుంగలు పడేసి పరుగెత్తినవారిని వెంటాడవద్దని ముందే చెప్పి ఉంచాను. చీకట్లో లోయ పక్కన పరుగు తీస్తే వాడు పడతాడు, మనవాడూ పడతాడు. రాళ్ళు రువ్వారు, ఒక గార్డుకు భుజం పగిలింది. చివరకు పదకొండుమంది, ముప్పైరెండు దుంగలు దొరికాయి.

తెల్లవారేదాకా అక్కడే మహజరు రాశాం. ప్రతి దుంగ పొడవు, చుట్టుకొలత, బరువు, ముద్ర సుత్తి గుర్తు, పట్టిన చోటు హద్దులు – ఇందులో ఏ ఒక్కటి తప్పినా రెండేళ్ళ తరువాత కోర్టులో కేసు వీగిపోతుంది. రాత్రంతా ప్రాణాలొడ్డి పట్టిన కేసు ఒక కొలత తేడాతో కొట్టివేయబడడం చూసిన మిత్రులు ఈ సంఘంలో ఎంతమందో ఉన్నారు. నా దళంలో ఒక గార్డు దస్తూరి ముత్యాల వరుస. వాడిని నేను లాఠీ కన్న ఎక్కువగా కాపాడుకున్నాను.

ఆ పదకొండుమందీ తమిళనాడు జవ్వాది కొండల మనుషులు. అక్కడ పనుల్లేవు. మేస్త్రీ బయానా ఇచ్చి లారీ ఎక్కిస్తాడు. కొండ ఏదో, చట్టం ఏదో తెలియదు. అందులో ఒక కుర్రాడికి మీసం కూడా సరిగా రాలేదు. వయసు అడిగితే చెప్పలేకపోయాడు, కాగితం లేదు. ఫారెస్టరు ఒకాయన ‘పంతొమ్మిది అని రాసేద్దాం సార్, అందరితో పాటు పోతాడు’ అన్నాడు. 2000 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు వాడైతే దారి వేరు. ప్రభుత్వ ఆసుపత్రికి పంపి వయసు పరీక్ష చేయించాం, పదిహేడు లోపే అని తేలింది. వాడిని విడిగా బాలల బోర్డు ముందు హాజరు పరచాం. దానివల్ల మాకు రెండు రోజుల పని, మూడు ఉత్తరాలు పెరిగాయి. లారీ యజమాని, మేస్త్రీ, పట్నంలో గోడౌను పెట్టినవాడు – వీరి పేర్లు ఆ పదకొండుమందిలో ఎవరికీ తెలియవు. మోసేవాడు దొరుకుతాడు, మోయించేవాడు దొరకడు అన్నది నా సర్వీసు అంతా వేధించిన విషయం.

నేను రిటైరైన తరువాత సంగతులు పత్రికల్లో చదివినవే. 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ ఉద్యోగులను దుంగల దొంగలు కొట్టి చంపారు. ఆ తరువాత తిరుపతి కేంద్రంగా పోలీసు, అటవీ సిబ్బందితో ప్రత్యేక టాస్క్ ఫోర్స్ ఏర్పడింది. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో కాల్పుల్లో తమిళనాడుకు చెందిన ఇరవైమంది చనిపోయారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆ విషయం చేపట్టింది. 2016లో రాష్ట్ర అటవీ చట్టాన్ని సవరించి ఎర్రచందనం నేరాలకు శిక్షలు బాగా పెంచారు. పట్టుబడిన దుంగలు డిపోల్లో ఎంతగా పేరుకున్నాయంటే 8,584 టన్నుల ఎగుమతికి కేంద్రం రాష్ట్రానికి అనుమతి ఇచ్చింది.

ఆ ఇద్దరి మరణవార్త విన్న రోజు, ఆ ఇరవైమంది మరణవార్త విన్న రోజు, రెండు రోజులూ నాకు నిద్ర పట్టలేదు. ఒకటి విని రెండోది మరచిపొమ్మన్నవారితో నేను వాదించలేదు, ఒప్పుకోనూ లేదు. రాజమండ్రిలో పుట్టి కర్ణాటక క్యాడరులో పనిచేసిన పి. శ్రీనివాస్ గారు 1991 నవంబరు 10న వీరప్పన్ చేతిలో హతులయ్యారు. మరణానంతరం కీర్తి చక్ర లభించింది. గోపీనాథంలో దొంగల ఊరివాళ్ళకు గుడి కట్టించి, వారి మనసు మార్చడానికి పూనుకున్న అధికారి ఆయన. మా బ్యాచీ వాళ్ళకు ఆయన పేరు తెలియనిది కాదు. ఆయన పద్ధతి ప్రాణం తీసింది కదా అని కొందరంటారు. గోపీనాథం ఊరివాళ్ళు ఆయనను నేటికీ తలుచుకుంటారని నేను జవాబు చెబుతాను.

2013 నుంచి సెప్టెంబరు 11ను జాతీయ అటవీ అమరవీరుల దినంగా పాటిస్తున్నారు. 1730లో రాజస్థాన్ ఖేజర్లీలో చెట్ల కోసం ప్రాణాలిచ్చిన 363 మంది బిష్ణోయిలను తలచుకొనే రోజది. మన సంఘం తరఫున మేమూ వెళ్ళి పూలు ఉంచుతాం. అయితే ఒక మాట. గార్డు మొదలు పై వరకు మనందరికీ సర్వీసు రిజిస్టరు ఉంది, పెన్షను ఉంది, మన తరువాత ఇంట్లోవాళ్ళకు కుటుంబ పెన్షను ఉంది. వాచర్లు మస్టరు రోలు మీద దినకూలీలు. నెల తిరిగితే ఆ రోలు కట్ట కట్టి అటక మీద పడేస్తారు. పాదముద్ర చూసి గంట చెప్పగలిగిన ఆ పెద్దాయన ఎలుగుబంటి దెబ్బకు ఒక కన్ను పోయినా నాలుగేళ్ళు మాతో తిరిగాడు. ఆయన సర్వీసు ఎక్కడా రాసి లేదు.

నా డ్యూటీ డైరీల నుంచి 1990ల చివరి నుంచి మా దళంలో తిరిగిన వాచర్ల పేర్లు, ఊళ్ళు, తిరిగిన బీట్లు ఒక నోటుబుక్కులోకి ఎత్తి రాశాను. ఇప్పటికి అరవైమూడు పేర్లు వచ్చాయి. పుస్తకం సంఘ కార్యాలయంలో బీరువా పై అరలో ఉంది. బాలుపల్లె, చామల, భాకరాపేట వైపు పనిచేసిన మిత్రులు వచ్చి చూసి, నాకు అందని పేర్లు స్వహస్తాలతో చేర్చవలసిందిగా కోరుతున్నాను. చివర ఇరవై పేజీలు ఖాళీగా ఉంచాను.